మీకు తెలుసా? సెల్ఫ్ కదలకపోతే డీజిల్‌ను తిట్టకండి!

నర్సాపూర్‌లో తెల్లవారుజామున కూరగాయలు ఎక్కించిన పికప్, తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుందనుకోండి. చాలామంది డీజిల్ ఫిల్టర్ మీద పడతారు. దండగ పని! ఇంజన్ తిరుగుతూ అంటుకోకపోతే డీజిల్‌ను అనుమానించాలి. అసలు తిరగకపోతే గొడవ దాదాపు ఎప్పుడూ కరెంటుదే.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని సుమారు 16 నుంచి 20 రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. ఆ బిగువును తిప్పాలంటే సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగాలి. బ్యాటరీ టెర్మినల్ మీద పట్టిన తెల్లటి పొట్టు చాలు, దారి మూయడానికి.

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా డల్ అయితే బ్యాటరీ, టెర్మినళ్లు, బాడీ ఎర్త్ చూడాలి. మీటరుంటే ఇంకా నయం: నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి దిగితే బ్యాటరీ అలిసిపోయినట్టే. లైట్లు తగ్గకపోతే ఫ్యూజు, రిలే, సొలినాయిడ్ వంతు. కొన్ని కొత్త బండ్లలోనైతే క్లచ్ పూర్తిగా తొక్కందే సెల్ఫ్ పలకదు.

తోసి స్టార్ట్ చేద్దామంటారా? కామన్ రైల్ ఇంజన్‌లో కంప్యూటర్‌కు కరెంటు అందకపోతే ఊరంతా తోసినా లాభం లేదు.