వార్ధక్యంలో స్వావలంబన – విజ్ఞాన సాధనాలు

ఛత్రినాకలోని ఏ గల్లీలోనైనా ఉదయం పూట కొంతసేపు నిలబడి చూస్తే వార్ధక్యమంటే ఏమిటో గ్రంథం తెరవకుండానే బోధపడుతుంది. ఎత్తైన గడప, దాని ముందు మెట్టు, మెట్టు దిగితే మోరీ మీద పరచిన బండ, బండ దాటితే వరుసగా దూసుకుపోయే మోటారు సైకిళ్లు. యువకుడు రెండంగలలో దాటే ఈ దూరం డెబ్బై ఏళ్ల మనిషికి ఒక ప్రయాణమే. మసీదుకో, లాల్‌దర్వాజ అమ్మవారి గుడికో, మూల మీది కిరాణా దుకాణానికో మరొకరి చేయి పట్టుకోకుండా వెళ్లి రాగలగడమే ఆ వయసులో స్వాతంత్ర్యం.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 సంవత్సరాలు నిండినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. వీరి కోసం నేడు ఎన్నో ఉపకరణాలు అంగడికి వస్తున్నాయి. వాటిని వెలను బట్టి, కొత్తదనాన్ని బట్టి కాక, ఒకే ప్రశ్నతో కొలవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ సాధనాన్ని వృద్ధుడు తన చేతితో తానే వాడుకోగలడా? లేక దాని కోసం మళ్లీ ఇంకొకరిని బతిమాలవలసి వస్తుందా?

చేతికర్ర అన్నిటికంటె పాతది కనుక దానితోనే మొదలుపెడదాం. నొప్పి ఉన్న కాలి వైపే కర్ర పట్టుకునేవారు మనలో అనేకులు. అది పొరపాటు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అప్పుడే నొప్పి కాలు మోసే బరువులో కొంత భాగాన్ని కర్ర పంచుకుంటుంది. నిలుచుని చేయి వేలాడదీస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో పిడి అంత ఎత్తున ఉండాలి. అడుగున ఉన్న రబ్బరు తొడుగు అరిగిపోతే తడిసిన షాబాదు బండ మీద ఆ కర్రే మనిషిని పడవేస్తుంది. ఇక నాలుగు కాళ్ల వాకరు ఆసుపత్రి వరండాలో చక్కగా సాగుతుంది గాని, మన గల్లీలో దాని నాలుగు కాళ్లు ఒకేసారి నేలను తాకడం అరుదు. స్నానాల గది గోడకు గట్టిగా బిగించిన ఒక ఇనుప కడ్డీ అంతకంటె ఎక్కువ మేలు చేస్తుంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్రింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు చేశారు.

వినికిడి యంత్రం విషయంలో మన నగరానికి ఒక బంధుత్వం గలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో జాతీయ శ్రవణ సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది. ఈ యంత్రం కళ్లజోడు వంటిది కాదు. చాలాకాలం నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడు తిరిగి శబ్దాలను వేరుపరచి గుర్తించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ ఓపిక లేక ఎన్నో యంత్రాలు డబ్బాలోనే మిగిలిపోతున్నాయి. గోరంత బ్యాటరీని వణికే వేళ్లతో మార్చలేకపోవడం మరొక కారణం. కొనేటప్పుడే ఆ మూత తీసి పెట్టడం వృద్ధుని చేతనే చేయించి చూడాలి.

రక్తపోటు కొలిచే యంత్రం నిజంగా మెచ్చుకోదగినది. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ కనిపెట్టిన పద్ధతిలో వైద్యుడు చెవికి గొట్టం పెట్టుకొని నాడి చప్పుడు వినవలసి ఉండేది. నేటి యంత్రంలో పట్టీ గాలితో నిండి రక్తనాళాన్ని నొక్కుతుంది. నాడి కొట్టుకున్నప్పుడు పట్టీలో పుట్టే సూక్ష్మ కంపనాలను పసిగట్టి యంత్రమే లెక్క కడుతుంది. వినే పని లేదు, మీట నొక్కితే చాలు. అయితే మన ఇళ్లలో పెద్దలు తఖ్తు మీద బాసింపట్టు వేసి కూర్చుంటారు. ఆ భంగిమలో కొలిస్తే అంకె ఎక్కువగా రావచ్చు. వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్న తరువాత కొలవాలి. చాయ్ త్రాగిన వెంటనే పనికిరాదు. నాడి లయ తప్పినవారి విషయంలో యంత్రం లెక్క తప్పవచ్చు గనుక వారు వైద్యునిచే సరిచూపించుకోవడం అవసరం. ఈ అంకెలు తేదీలతో సహా నోటుపుస్తకంలో ఉంటే బస్తీ దవాఖానాలోని వైద్యునికి ఒక్కనాటి కొలతకంటె ఎంతో ఎక్కువ సమాచారం లభిస్తుంది.

ఇక అసలు చిక్కు పింఛను వద్ద వస్తుంది. విశ్రాంత ఉద్యోగి ఏటా తాను జీవించి ఉన్నట్లు రుజువు చూపాలి. (మనిషి ఎదుట నిలబడి ఉన్నా కాగితమే సాక్ష్యం చెప్పాలన్నది కార్యాలయాల ధర్మం!) 2014 నవంబరు 10న వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో వేలిముద్రతోనో కంటిపాపతోనో ఈ రుజువు ఇవ్వవచ్చు. ఆలోచన మంచిదే. కాని వయసు మీరినకొద్దీ చర్మం పొడిబారి, పలుచబడి, వేలి గీతలు చదునవుతాయి. సున్నం, సిమెంటు, సబ్బునీళ్లతో జీవితమంతా పనిచేసిన చేతులకైతే గీతలు మిగలడమే కష్టం. శ్రమించిన చేతినే యంత్రం గుర్తించదు! కొన్నిసార్లు కంటిశుక్లం కంటిపాప గుర్తింపుకు కూడా అడ్డు వస్తుంది. ఈ ఇబ్బందికి పరిహారంగా 2021 నవంబరులో ముఖాన్ని బట్టి గుర్తించే విధానం వచ్చింది. స్మార్టుఫోను ముందు కూర్చుని కనురెప్ప ఆర్పితే సరిపోతుంది. వేళ్ల బాధ తీరింది, కాని ఆ ఫోను ఎవరిది? మనవడిది. అతడు ఇంట్లో ఉన్నప్పుడు, అతనికి తీరిక ఉన్నప్పుడు మాత్రమే దాదీ బ్రతికి ఉన్నట్లు రుజువవుతుంది. బ్యాంకు కార్డు రహస్య సంఖ్య కూడా అదే చేతికి పోతే, డబ్బు తనదైనా అడిగి తీసుకునే స్థితి వస్తుంది. ఫోనుకు వచ్చే రహస్య సంఖ్యను ఎవరికీ చెప్పరాదని హెచ్చరించేవారు, చదవలేని మనిషి దానిని ఎవరిచేత చదివించుకోవాలో చెప్పరు. తపాలా శాఖ బ్యాంకు 2020 నుండి పోస్టుమాన్ ద్వారా ఇంటివద్దనే ఈ రుజువు స్వీకరించే సేవను అందిస్తోంది. కొద్ది రుసుము ఉన్నా, వృద్ధులు తామే పిలిపించుకోగల సేవ అది.

మీటల ఫోనును చిన్నచూపు చూడరాదని చెప్పడానికి మరొక ఉదాహరణ ఉంది. 14567 అనే వృద్ధుల సహాయవాణి నేడు దేశమంతటా పనిచేస్తున్నదే గాని, దాని మూలం మన హైదరాబాదులోనే ఉంది. టాటా ట్రస్టులు, విజయవాహిని సంస్థ 2017లో ఈ నగరంలో చేసిన ప్రయత్నమే 2021లో జాతీయ రూపం దాల్చింది. పింఛను, న్యాయ సలహా, ఇంట్లో వేధింపులు, నిరాశ్రయులైన వృద్ధులకు ఆశ్రయం మొదలైన విషయాలలో రుసుము లేకుండా సహాయం కోరవచ్చు. స్మార్టుఫోను అక్కరలేదు, ఇంగ్లీషు అక్కరలేదు. ఈ సంచిక చదివే విద్యార్థి ఇంట్లో ఒక పెద్దమనిషి ఉంటే, ఆ అయిదు అంకెలను కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్దగా ఒక అట్టమీద రాసి, మంచం ప్రక్క గోడకు అంటించి, ఒకసారి ఆయన చేతనే నొక్కించి చూడవచ్చు.