పాత కంట్రోలర్‌ను పారేయకండి!

లినక్స్ చేతి ఆటయంత్రాలకు వైర్‌లెస్‌గా జత చేసుకునే వీలు.. ఏది కుదురుతుంది? ఏది కుదరదు?

నెల్లూరు: సముద్రపు ఒడ్డున కాపురమున్న వారికి ఉప్పుగాలి సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. మైపాడులోనైనా, కృష్ణపట్నంలోనైనా, జువ్వలదిన్నెలోనైనా కిటికీ ఊచలు, సైకిల్ గొలుసు, గ్యాస్ పొయ్యి ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇంటింటి అనుభవమే. పిల్లల ఆట పరికరాలు ఇందుకు మినహాయింపు కావు. టీవీకి తగిలించే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి కన్సోళ్లు కొన్నేళ్లకు మూలపడితే, వాటితో వచ్చిన వైర్‌లెస్ కంట్రోలర్లు పనిచేసే స్థితిలోనే అటకెక్కుతుంటాయి. మరోవైపు చేతిలో పట్టుకుని ఆడే లినక్స్ ఆటయంత్రాలు ఇళ్లలోకి వస్తున్నాయి. వీటి బటన్లు గానీ, బొటనవేలితో తిప్పే పుల్లలు గానీ పాడైతే మొత్తం యంత్రాన్నే విప్పవలసి ఉంటుంది. అటక మీది కంట్రోలర్‌ను దీనికి జత చేసుకోగలిగితే ఆ ఖర్చు తప్పుతుంది. చాలా సందర్భాల్లో అది సాధ్యమే. అయితే పాత వస్తువుల దుకాణంలో తొందరపడి కొంటే మాత్రం ఎన్నటికీ జత కలవని సరుకు చేతికి రావచ్చు.

చేతిలో ఇమిడే కంప్యూటరే

ఈ తరహా యంత్రాల్లో ఎక్కువ ప్రచారం పొందినది అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2022 ఫిబ్రవరి 28న విడుదల చేసిన స్టీమ్ డెక్. ఏడు అంగుళాల తెర, సుమారు 670 గ్రాముల బరువు దీని స్వరూపం. 2023 నవంబరులో ఓఎల్‌ఈడీ తెరతో మరో రకం వచ్చింది. విడుదల నాటి దేశాల జాబితాలో భారత్ లేదు. అందువల్ల మనవారికి ఇది విదేశాల నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లోనో, దిగుమతి వ్యాపారుల ద్వారానో చేరవలసి వచ్చింది. దీనికంటే ఎంతో చవకగా చైనా సంస్థ ఆన్‌బెర్నిక్ వంటివి అరచేతిలో ఇమిడే యంత్రాలను తయారు చేస్తున్నాయి. ధరలో ఎంత తేడా ఉన్నా, వీటిలో చాలావాటి లోపల నడిచేది లినక్సే.

లినక్స్‌తో నడిచే చేతి పరికరం మనకు కొత్త కాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కలిసి సామాన్యుల కోసం రూపొందించిన సింప్యూటర్‌లో ఉన్నది ఇదే. 2004లో అమిడా పేరుతో విపణిలోకి వచ్చిన సింప్యూటర్‌లో చేతిలో వంచితే స్పందించే చలన సంవేదకం కూడా ఉండేది. ఇప్పటి ఫోన్లలో అందరూ చూస్తున్నది ఆనాడే ఉందన్నమాట. అది నిలదొక్కుకోలేకపోవడం వేరే కథ. ఆటల కోసమే పుట్టిన లినక్స్ యంత్రాల్లో 2005 నాటి కొరియా జీపీ2ఎక్స్, 2010 నాటి పండోరా పేర్కొనదగినవి. వీటిలో పండోరాకు బ్లూటూత్ సదుపాయం కూడా ఉండేది.

పడవలో ఉన్నదీ ఇదే విద్య

'జత చేయడం' అంటే ఏమిటో తీరగ్రామాల వారికి ఒక ఉదాహరణతో చెప్పవచ్చు. ఒడ్డు నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందదు. ఈ ఇబ్బందిని తప్పించేందుకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూపొందించిన 'జెమిని' పరికరాన్ని కేంద్రం 2019 అక్టోబరులో ఆవిష్కరించింది. ఇది గగన్ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలను, చేపలు దొరికే ప్రాంతాల సమాచారాన్ని అందుకుని, పక్కనే ఉన్న ఫోనుకు బ్లూటూత్ ద్వారా చేరవేస్తుంది. ఆ సమాచారాన్ని ఫోనులోని యాప్ ప్రాంతీయ భాషల్లో చూపుతుంది. ఆటయంత్రం, కంట్రోలర్ మధ్య జరిగేదీ ఇటువంటిదే. రెండు పరికరాలు ఒకదాని చిరునామా మరొకదానికి ఇచ్చుకుని, ఒక రహస్య సంకేతాన్ని పంచుకుంటాయి. ఆ తరువాత కంట్రోలర్‌లో బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ సమాచారం గాలిలో ప్రయాణిస్తుంది.

అయితే సమాచారం చేరడం ఒక ఎత్తు, దానిని అర్థం చేసుకోవడం మరొక ఎత్తు. ఏ సంకేతం ఏ బటన్‌దో చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. లినక్స్ గొప్పతనం ఇక్కడే ఉంది. ఈ డ్రైవర్లు అందరికీ కనిపించే విధంగా కెర్నల్‌లోనే కలిసి ఉంటాయి. తయారీదారు పాత నమూనాను మరచిపోయినా వాటిని ఎవరో ఒకరు సరిదిద్దుతూనే ఉంటారు. 2006లో వచ్చిన నింటెండో వీ రిమోట్ నేటికీ లినక్స్‌కు జత కలవడానికి కారణం అదే.

ఏ కంట్రోలర్‌కు ఏ పద్ధతి?

సోనీ ప్లేస్టేషన్-4 కంట్రోలర్ అన్నింటిలోకీ సులువు. 'షేర్', 'పీఎస్' బటన్లను కలిపి కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే ముందున్న దీపం జంటగా మినుకుమంటుంది. స్టీమ్ డెక్‌లో స్టీమ్ బటన్ నొక్కి, సెట్టింగ్స్‌లో బ్లూటూత్ విభాగం తెరిస్తే దాని పేరు కనిపిస్తుంది. దానిని ఎంచుకుంటే పని పూర్తయినట్లే. ప్లేస్టేషన్-5 కంట్రోలర్‌లో 'షేర్'కు బదులు 'క్రియేట్' బటన్ ఉంటుంది, మిగిలినదంతా అదే. దీని డ్రైవర్‌ను సోనీ సంస్థే స్వయంగా రాసి ఇచ్చింది. 2021లో వెలువడిన 5.12 కెర్నల్ నుంచి అది అందుబాటులో ఉంది. నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌కు పైఅంచున చిన్న సింక్ బటన్ ఉంటుంది. దీని డ్రైవర్ 2022 జనవరి నాటి 5.16 కెర్నల్‌లో చేరింది. చవక యంత్రాల్లో అంతకన్నా పాత కెర్నల్ ఉండే అవకాశం ఉన్నందున కొనేముందు విచారించుకోవడం మేలు. నింటెండోలో 'ఎ', 'బి' బటన్ల స్థానాలు ఎక్స్‌బాక్స్‌కు తారుమారుగా ఉంటాయి. 'సరే' అనబోయి 'వద్దు' నొక్కి, కంట్రోలర్ చెడిపోయిందని భ్రమపడవద్దు.

ప్లేస్టేషన్-3 కంట్రోలర్ తీరు వేరు. దీనిని ఎంతసేపు వెతికినా బ్లూటూత్ జాబితాలో కనిపించదు. ముందుగా యూఎస్‌బీ తీగతో ఆటయంత్రానికి తగిలించాలి. అప్పుడు యంత్రం తన బ్లూటూత్ చిరునామాను కంట్రోలర్‌లో రాస్తుంది. ఆ తరువాత తీగ తీసివేసి పీఎస్ బటన్ నొక్కితే అది నేరుగా ఆ చిరునామాకే వెళుతుంది. ఈ వ్యాసకర్త ఈ చిన్న సంగతి తెలియక ఒక ఆదివారం మధ్యాహ్నమంతా జాబితా వంకే చూస్తూ గడపవలసి వచ్చింది.

అసలు చిక్కు ఎక్స్‌బాక్స్‌తోనే. 'వైర్‌లెస్' అని పేరున్నంత మాత్రాన అది బ్లూటూత్ కాదు. ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్, 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చిన తొలి కంట్రోలర్ మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతిలో మాట్లాడతాయి. వీటికి ప్రత్యేక రిసీవర్ తప్పనిసరి. 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌తో వచ్చిన కంట్రోలర్ నుంచి బ్లూటూత్ చేర్చారు. పాత దుకాణంలో చూడగానే గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. మధ్యనున్న ఎక్స్‌బాక్స్ గుర్తు చుట్టూ మెరిసే ప్లాస్టిక్ ముక్క వేరుగా అతికినట్లుంటే అది బ్లూటూత్ లేని పాతది. ఆ భాగం కూడా కంట్రోలర్ ముఖంతో కలిసి ఒకే ముక్కగా ఉంటే బ్లూటూత్ ఉన్నది. బ్లూటూత్ ఉన్నా కొన్ని మాటిమాటికీ కలిసి విడిపోతుంటాయి. అటువంటప్పుడు కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను తాజా చేయాలి. అందుకు విండోస్ కంప్యూటర్ గానీ, ఎక్స్‌బాక్స్ గానీ కావాలి. లినక్స్ యంత్రంతో అది కాదు. మిత్రుల ఇంట్లోనైనా ఒకసారి చేయించుకుంటే సరిపోతుంది.

నకిలీల సంగతి

బజారులో వందల రూపాయలకు దొరికే 'సోనీ' కంట్రోలర్లలో అధికభాగం అనుకరణలే. ఇవి అన్నీ పనికిరానివని చెప్పడం న్యాయం కాదు. పీఎస్-3 అనుకరణలు కొన్ని అసలువాటికి భిన్నంగా ప్రవర్తిస్తుంటే, వాటి కోసమే లినక్స్ డ్రైవర్‌లో ప్రత్యేక సవరణలు చేర్చారు. అయినప్పటికీ కంపనం రాకపోవడం, పుల్ల మధ్యలో నిలవకపోవడం వంటివి ఉండవచ్చు. కొనేముందు దుకాణంలోనే మన యంత్రానికి జత చేసి చూడనివ్వమని అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

ఒకనాడు పనిచేసిన పీఎస్-3 కంట్రోలర్ నవీకరణ తరువాత మొరాయించడానికి మరో కారణం ఉంది. ఎదుటివారి అనుమతి లేకుండానే బ్లూటూత్ ద్వారా కీబోర్డుగా చొరబడి ఆదేశాలు ఇవ్వగల లోపం 2023 డిసెంబరులో బయటపడింది. దానిని సరిదిద్దే క్రమంలో లినక్స్ బ్లూటూత్ వ్యవస్థ బ్లూజెడ్, రహస్య సంకేతం పంచుకోని పరికరాలను నిరాకరించడం మొదలుపెట్టింది. పాత పద్ధతిలో జత కట్టే పీఎస్-3 కంట్రోలర్ కూడా ఆ నిరాకరణకు గురైంది. దారి చూపేందుకు ఇన్‌పుట్ అమరికల ఫైలులో 'క్లాసిక్ బాండెడ్ ఓన్లీ' అనే వాక్యాన్ని 'ఫాల్స్'గా మార్చమని సలహా ఇచ్చేవారున్నారు. అలా చేస్తే కంట్రోలర్ పనిచేస్తుంది కానీ మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. తరువాతి కూర్పుల్లో సోనీ కంట్రోలర్లకు వెసులుబాటు కల్పించారు గనుక సాఫ్ట్‌వేర్‌ను తాజా చేసుకోవడమే క్షేమం.

నేడు కలిసి, రేపు కలవకపోతే..

చవక యంత్రాల్లో కొన్నింటికి మెనూలో బ్లూటూత్ కనిపించదు. కొన్ని నమూనాల్లో అసలు బ్లూటూత్ చిప్పే ఉండదు. తొలి ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ అటువంటిదే. చిప్ ఉండి మెనూ లేకపోతే 'బ్లూటూత్‌సీటీఎల్' అనే ఆదేశంతో పని నడుస్తుంది. అందులో స్కాన్, పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ అనే నాలుగు మెట్లుంటాయి. ఎక్కువమంది పెయిర్ చేసి, ట్రస్ట్ మరచిపోతారు. నమ్మకస్తుల జాబితాలో చేర్చని కంట్రోలర్ మరునాడు తలుపు తట్టినా యంత్రం పలకదు. అలాగే జత కట్టిన కంట్రోలర్‌ను పాత ప్లేస్టేషన్‌కు మళ్లీ కలిపితే ఆటయంత్రం చిరునామా చెరిగిపోతుంది. తిరిగి మొదటి నుంచి చేయవలసిందే.

స్టీమ్ డెక్‌లో మరో ఇబ్బంది ఎదురవుతుంది. కంట్రోలర్ కలిసినా ఆటలోని బొమ్మ కదలదు. యంత్రానికి ఉన్న బటన్లే మొదటి ఆటగాడిగా, బయటి కంట్రోలర్ రెండో ఆటగాడిగా నమోదు కావడమే ఇందుకు కారణం. మూడు చుక్కల బటన్ నొక్కి, కంట్రోలర్ల వరుసక్రమాన్ని మార్చుకుంటే సరిపోతుంది.

ఆట మధ్యలో తడబాటు కనిపిస్తే నేరం కంట్రోలర్‌ది కాకపోవచ్చు. బ్లూటూత్ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకు 2005 జనవరిలో లైసెన్సు నుంచి మినహాయించారు. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి, వైర్‌లెస్ మౌస్ అన్నీ అక్కడే తిరుగుతాయి. బ్లూటూత్ 79 మార్గాల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతూ ఈ రద్దీని తప్పించుకుంటుంది. అయినా ఒకే చిప్‌పై వైఫై, బ్లూటూత్ రెండూ నడిచే యంత్రాల్లో పెద్ద ఆటను డౌన్‌లోడ్ చేస్తూ ఆడితే ఇబ్బంది తప్పదు. ఇంట్లోని రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే వైఫైని దానికి మార్చాలి. టీవీకి కలిపే డాక్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవ్ తగిలించి ఉంటే దానినీ కాస్త దూరం జరపాలి. ఆ రకం తీగలు కూడా ఇదే పట్టీలో రణగొణధ్వని పుట్టిస్తాయి.

చేతివేళ్లు సరిగా కదలని వారికి బయటి కంట్రోలర్ సౌకర్యం మాత్రమే కాదు, ఆడగలిగే ఒకే ఒక మార్గం కావచ్చు. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు అరచేతితో నొక్కగలిగే రెండు పెద్ద బటన్లు, పాదంతోనో మోచేతితోనో నొక్కే మీటలను తగిలించుకునేందుకు 19 రంధ్రాలు ఉన్నాయి. బ్లూటూత్ కూడా ఉంది. ఆరు వందల గ్రాములకు పైబడిన యంత్రాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకోలేని వారు దానిని బల్ల మీద నిలబెట్టి, దీనితో ఆడుకోవచ్చు.

అటక మీద నుంచి దించిన కంట్రోలర్‌ను వెంటనే ఆన్ చేయకుండా పొడిగుడ్డతో తుడిచి, ఛార్జింగ్ రంధ్రంలో పచ్చని చిలుము ఉందేమో చూడాలి. ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బ్రష్‌తో శుభ్రపరచి, పూర్తిగా ఆరనివ్వాలి. పీఎస్-3 కంట్రోలర్‌ను ఫోన్ ఛార్జర్‌కు తగిలిస్తే సాధారణంగా ఛార్జింగ్ ఎక్కదు. బ్యాటరీ చనిపోయిందని నిర్ణయించే ముందు దానిని కంప్యూటర్‌కు గానీ, ఆటయంత్రం డాక్‌లోని యూఎస్‌బీ రంధ్రానికి గానీ కలిపి ఒక గంట ఉంచి చూడాలి.