పక్క నక్షత్రం ఇంధనంతో పడుచైన నక్షత్రం

డేటాలో ఒక పాయింట్ మిగతావాటికి దూరంగా కనిపిస్తే మనమేం చేస్తాం? 'ఏదో తప్పు పడింది' అనుకుని తీసి పక్కన పడేస్తాం. 1953లో అలన్ శాండేజ్ అనే ఖగోళ శాస్త్రవేత్తకూ అలాంటి పాయింట్లే దొరికాయి. ఆయన మాత్రం పడేయలేదు.

ఆయన చూస్తున్నది ఎమ్3 అనే నక్షత్రాల గుంపుని. ఇలాంటి గుంపులో నక్షత్రాలన్నీ దాదాపు ఒకేసారి పుడతాయి. ఒకే బ్యాచ్ అన్నమాట. కానీ అన్నిటి ఆయుష్షూ ఒకటి కాదు. బరువైన నక్షత్రం నీలంగా, ధగధగా వెలుగుతుంది. కాకపోతే అది పెద్ద ట్యాంకు ఉండీ మైలేజీ రాని బండి. ఇంధనం తొందరగా అయిపోతుంది. కాబట్టి ముసలి గుంపులో బరువైన నీలి నక్షత్రాలు ఉండకూడదు. ఎమ్3లో ఉన్నాయి! వాటినే 'బ్లూ స్ట్రాగ్లర్లు' అంటున్నారు. అంటే బ్యాచ్ ముందుకెళ్లిపోయినా వెనకే ఉండిపోయిన నీలి నక్షత్రాలు.

మరి వాటికి వయసు మీద పడలేదా? 1964లో మెక్రే అనే శాస్త్రవేత్త ఒక జవాబు చెప్పాడు. చాలా నక్షత్రాలు జంటగా, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. జంటలో బరువైనది ముందుగా ముసలిదై, రెడ్ జెయింట్‌గా ఉబ్బుతుంది. జంటలోని ప్రతి నక్షత్రానికీ తన ఆకర్షణ చెల్లే హద్దు ఒకటుంటుంది. పేరు రోష్ లోబ్. ఉబ్బిన నక్షత్రం ఆ హద్దు దాటిందంటే, దాని పైపొరల్లోని వాయువు పొంగిన పాలలా పక్కదాని మీదకి ఒలికిపోతుంది. పుచ్చుకున్నది బరువెక్కి, వేడెక్కి, నీలంగా మారుతుంది. ఇచ్చినదానికి మిగిలేది లోపలి గుండె మాత్రమే. అదే వైట్ డ్వార్ఫ్.

కథ బాగుంది, మరి సాక్ష్యం? వైట్ డ్వార్ఫ్ చాలా చిన్నది. పక్కదాని వెలుగులో మామూలుగా కనపడదు. అయితే బాగా వేడిగా ఉంటుంది కాబట్టి అల్ట్రావయొలెట్ కాంతిలో దొరికిపోతుంది. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో అలాంటి టెలిస్కోపే ఉంది. దాని డేటాతో 2019లో బెంగళూరు శాస్త్రవేత్తల బృందం, ఎమ్67 గుంపులోని ఓ బ్లూ స్ట్రాగ్లర్ పక్కన వైట్ డ్వార్ఫ్‌ని పట్టుకుంది. బరువు సూర్యుడిలో ఐదో వంతు కూడా లేదు!

అసలు క్లూ ఆ బరువే. ఒంటరి నక్షత్రం అంత తేలికైన వైట్ డ్వార్ఫ్‌గా మారాలంటే విశ్వం వయసు, అంటే 1,380 కోట్ల ఏళ్లు, కూడా సరిపోదు. ఎవరో దాని పైపొరలు లాగేసుకుని ఉండాలి. ఆ 'ఎవరో' పక్కనే నీలంగా వెలుగుతోంది.

అన్ని బ్లూ స్ట్రాగ్లర్లదీ ఇదే కథ కాదు. రెండు నక్షత్రాలు ఢీకొని కలిసిపోయినా ఇవి పుట్టొచ్చు.

ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో ఊరి లైట్లకు దూరంగా వెళ్లి, బైనాక్యులర్స్‌తో కర్కాటక రాశి వైపు చూడండి. ఎమ్67 మసక మచ్చలా కనిపిస్తుంది. అక్కడున్న మన నీలి నక్షత్రం కూడా ఇంధనాన్ని గబగబా కాల్చేస్తోంది. ఏదో ఒకరోజు అదీ ఉబ్బుతుంది. అప్పుడు తీసుకున్న వాయువు మళ్లీ ఆ వైట్ డ్వార్ఫ్ మీదకే పారొచ్చు!