కాళ్లకింది షాబాద్ బండ

ఇంట్లో షాబాద్ బండలు తీసి టైల్సు వేస్తానని మా పెద్దోడు పట్టుబట్టినాడు. "తియ్యి బిడ్డా" అన్నాను గానీ మొదటి బండ లేపినప్పుడు అక్కడ నిలబడలేకపోయాను. నేను చిన్నగున్నప్పుడు మా నాయన గిరణీలో రెండో పాళీ చేసి, జీతంలో మిగిల్చి, కొన్ని కొన్నిగా కొని వేయించిన బండలవి.

షోలాపూర్‌లో మనోళ్ల పాత ఇండ్లలో చాలావరకు ఇదే నేల. మరాఠీవాళ్లు ఫర్షీ అంటారు. ఇది సున్నపురాయి. అందుకే చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే మచ్చ పడుతుంది. దానికి మా అమ్మ తిట్లు ఎన్ని తిన్నామో! షాబాద్ స్టేషను కలబురగి దాటినాక వస్తుంది. 1871 కల్లా బొంబాయి నుంచి రాయచూరు దాకా రైలు పడింది. ఆ దారినే ఈ రాయి మన దాకా వచ్చింది.

మా మేనమామ తాండూరు గనిలో పనిచేసేవాడు. అక్కడిదీ ఇదే జాతి రాయి, నీలం ఒకటి, పసుపు ఒకటి. ఆయన చెప్పేవాడు: పైన నల్లమట్టి తీస్తే కింద రాయి పొరలు పొరలుగా ఉంటుందట, చాపలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. కోయక్కర్లేదు. సందు చూసి గడ్డపార పెట్టి లేపాలి, తర్వాత సుత్తి, ఉలితో అంచులు సరిచెయ్యాలి. సందు తెలియనోడు కొడితే బండ ముక్కలే. వానాకాలం గుంతల నిండా నీళ్లు, పని బందు, కూలీ బందు.

ఒకరోజు బండ జారి మామ కుడికాలి మూడు వేళ్లు నలిగిపోయినాయి. యజమాని కట్టు కట్టించి రెండు రోజుల కూలీ చేతిలో పెట్టినాడు, అంతే. మామ మళ్లీ గనికి పోలేదు, మా దగ్గరికొచ్చి మగ్గం పట్టినాడు.

అమరావతి స్తూపం శిల్పాలను పాలరాయి అంటారు గానీ అవీ సున్నపురాయే, పల్నాడుది. మెకంజీ దొర 1797లో చూసిపోయినాక కూడా ఆ శిల్పాలు ఎన్నో సున్నపు బట్టీల పాలైనాయి. కాల్చితే సున్నమే కదా.

మా బండలు మాత్రం బట్టీకి పోవు. నాలుగు పెరట్లో బట్టలుతికేచోట వేయించుకున్నాను. మిగతావి గోడకు ఆనించి పెట్టినాను, ఒక్కటీ పగల్లేదు. మన పేటలో ఎవరికైనా అవసరముంటే వచ్చి తీసుకుపోండి, పైసలేమీ వద్దు.