వార్తల్లో పదం: పే అండ్ రికవర్

దమ్మపేట మండలంలో పామాయిల్ గెలలు అప్పారావుపేట ఫ్యాక్టరీకి చేరేది ఎక్కువగా ట్రాక్టర్ల మీదే. తోటకు పోయే కూలీలూ ఆ ట్రాలీలోనే ఎక్కుతారు, గెలలు కోసే పొడవాటి కత్తులతో సహా. అది బోల్తాపడితే పరిహారం ఎవరివ్వాలి? పాలసీ సేద్యానికే, ట్రాలీలో మనుషులకు కాదంటూ బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. యజమాని దగ్గరేమో అంత సొమ్ముండదు. ఇలాంటప్పుడు బాధితులకు ముందు కంపెనీనే చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు కొన్ని కేసుల్లో ఆదేశిస్తాయి. అదే పే అండ్ రికవర్. డ్రైవింగ్ లైసెన్సు వివాదాల్లో ఈ పద్ధతిని 2004లో స్వరణ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు బలపరిచింది. అయితే ట్రాలీ కూలీలకు ఇది ఖాయమైన హక్కేమీ కాదు. తీర్పులు రెండు రకాలుగానూ వచ్చాయి. క్లెయిమ్ వేయాల్సింది మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, ట్రిబ్యునల్‌లో. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు మీదే సుప్రీంకోర్టులో సవాళ్లు పడ్డాయి.