అడ్డకోత రంపం

అడ్డకోత రంపం అనగా కర్ర నారకు అడ్డంగా కోయడానికి ఉపయోగించే చేతి రంపం. దుంగలను వంటచెరకుగా ముక్కలు చేయడానికి ఇది తగిన పనిముట్టు. దుంగను నిలువునా పలకలుగా కోసే రంపపు పళ్ళు ఉలి వలె నారను చెక్కుతాయి. అడ్డకోత రంపపు పళ్ళు కత్తి వలె నారను తెంచుతాయి. ఒకదాని పనికి మరొకటి వాడితే శ్రమ పెరుగుతుంది, కోత గరుకుగా వస్తుంది.

పళ్ళ అమరిక

పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు స్వల్పంగా వంగి ఉంటాయి. అందువలన కోత గాడి అలుగు మందం కంటే వెడల్పుగా ఏర్పడి రంపం సులభంగా కదులుతుంది. పళ్ళు ముఖ్యంగా రెండు విధాలు.

* త్రికోణపు పళ్ళు: అన్నీ కోసే పళ్ళే. ఎండిన తుమ్మ, సరుగుడు వంటి గట్టి కర్రకు ఇవి అనుకూలం.
* గోకుడు పళ్ళు కలిసినవి: కోసే పళ్ళు నారను రెండు అంచులలో తెంచగా, వాటి మధ్యనున్న గోకుడు పన్ను ఆ నారను పొరలుగా బయటకు లాగుతుంది. పచ్చి కర్రకు ఇవి మేలు. గోకుడు పన్ను కోసే పళ్ళ కంటే సుమారు అంగుళంలో నూరవ వంతు పొట్టిగా ఉండాలి. పొట్టు పొడిగా కాక పొడవాటి పొరలుగా వస్తే రంపం సరిగా ఉన్నట్లు.

ఎంపిక

* సన్నని కొమ్మలకు విల్లు రంపం చాలు.
* రంపం పొడవు నుండి దుంగ అడ్డుకొలతను తీసివేయగా మిగిలినదే లాగడానికి దొరికే పొడవు. 2 అడుగుల దుంగకు 3 అడుగుల రంపం వాడితే లాగుడుకు 1 అడుగే మిగులుతుంది. 5 అడుగుల రంపమైతే 3 అడుగులు.
* చెట్టు నరికే ఇద్దరి రంపం వీపు లోపలికి వంగి, తేలికగా ఉంటుంది. పడిన దుంగను కోసే రంపం వీపు తిన్నగా, బరువుగా ఉంటుంది; ఆ బరువే కోతకు తోడ్పడుతుంది.
* పాత రంపం కొనేటప్పుడు అంచు వెంట చూచి వంకర లేదని, పళ్ళు అరిగిపోలేదని నిర్ధారించుకోవాలి. ప్రత్యేకంగా గట్టిపరచిన నల్లని మొనల పళ్ళను ఆకురాయితో సానపెట్టడం సాధ్యం కాదు.

జాగ్రత్తలు

ఇద్దరు కోసేటప్పుడు ఎవరి వంతున వారు లాగాలే గాని నెట్టరాదు. నెడితే అలుగు వంగుతుంది. రెండు కొనలూ ఆనిన దుంగను పైనుండి కోస్తే గాడి మూసుకొని రంపం బిగుసుకుంటుంది. కాబట్టి గాడిలో చీలను దిగగొట్టాలి. కోత ముగిసే సమయానికి దొర్లే ముక్క కాళ్ళపై పడకుండా, వాలు నేలపై ఎగువ వైపున నిలబడాలి.

నేటి వాడుక

యంత్ర రంపాలు వచ్చిన తరువాత వీటి వాడుక తగ్గింది. అయితే అమెరికాలో 1964 నాటి వన్యప్రాంతాల చట్టం ఆ ప్రాంతాలలో యంత్ర రంపాలను సాధారణంగా అనుమతించనందున, అక్కడ కాలిబాటలపై పడిన చెట్లను నేటికీ అడ్డకోత రంపాలతోనే తొలగిస్తున్నారు.