గాయపడిన పిల్లికూన: ఆసుపత్రికి ఎప్పుడు?

చిట్టమూరు వంటి తీరపు పల్లెలలో వడ్లున్న చోట ఎలుకలును, ఎలుకలున్న చోట పిల్లులును ఉండక తప్పదు. బండి చక్రము క్రిందనో, తలుపు సందుననో, కుక్క నోటనో పడి కూనలు తరచు గాయపడుచుండును. బడిపిల్లలు అట్టి కూనను గుడ్డలో చుట్టి ఉపాధ్యాయుని వద్దకు తెత్తురు. దానిని ఇంటనే ఉంచవచ్చునా, పశువుల ఆసుపత్రికి కొనిపోవలెనా?

గాయము ఎంత పెద్దదో చూచి నిర్ణయించుట సామాన్యముగా జరుగు పొరపాటు. పిల్లి వేటాడు జంతువే గాని, తనకంటె పెద్ద జంతువులకు తానును ఆహారమే. అందుచే నొప్పిని దాచుకొనును. కుంటుచు అరచు కూనకంటె, మూలకు చేరి కదలక కూర్చున్న కూనయే ఎక్కువ ప్రమాదములో ఉండవచ్చును. గుర్రుమను చప్పుడు విని హాయిగా ఉన్నదనుకొనరాదు. బాధలోనున్న పిల్లియు గుర్రుమనును.

మొదట ఊపిరి చూడవలెను. విశ్రాంతిగా నున్న పిల్లి నిమిషమునకు సుమారు 20 నుండి 30 సార్లు శ్వాసించును. డొక్కల కదలికను 30 సెకండ్లు లెక్కించి రెట్టింపు చేసిన చాలును. లెక్క 40 దాటి తగ్గకున్నను, కూన కుక్కవలె నోరు తెరచి రొప్పుచున్నను ఆలస్యము తగదు. చక్రము తగిలినపుడు ఛాతికిని కడుపునకును నడుమనున్న కండరపు పొర చిరిగి, ప్రేగులు ఊపిరితిత్తులపైకి చేరవచ్చును. వెలుపల గీత కూడ కానరాదు.

తరువాత చిగుళ్లు. పిల్లికి కిలో బరువునకు సుమారు 60 మిల్లీలీటర్ల రక్తముండును. అరకిలో కూనలో నున్నది 30 మిల్లీలీటర్లే, అనగా రెండు పెద్ద చెంచాలు! అందు 10 మిల్లీలీటర్లు పోయినచో, మనిషికి లీటరున్నరకు పైగా పోయినట్లే. గులాబిరంగు చిగురును వ్రేలితో నొక్కి విడిచినపుడు తెల్లబడి, రెండు సెకండ్లలో మరల రంగు తిరుగవలెను. చిగురు పాలిపోయినను, నీలమైనను వెంటనే బయలుదేరవలెను. చిగుళ్లు పుట్టుకతోనే నల్లనివైనచో క్రింది కనురెప్ప లోపలి భాగము చూడవచ్చును.

పిల్లి శరీరోష్ణత 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు, మనకంటె అధికము. కనుక చేతికి చల్లగా తగిలిన కూన ఆపదలో నున్నదే. గోరువెచ్చని నీటి సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన పెట్టవలెను. వెచ్చబడక ముందు పాలు పోయరాదు. చల్లబడిన దేహమున జీర్ణక్రియ మందగించును. పాలు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

కుక్క కోర చర్మముపై చిన్న రంధ్రమునే మిగుల్చును. లోపల కండ నలిగి, సూక్ష్మజీవులు చేరి, కొద్ది దినములలో చీము పట్టును. ఈగలు పుండుపై పెట్టిన గ్రుడ్లు ఒక్క దినములోనే పురుగులగును. కావున కాటు చిన్నదైనను ఆసుపత్రికే. వెనుక కాళ్లు ఈడ్చుచున్నను, ఒక దినము మూత్రము రాకున్నను అంతే.

చురుకుగా తిరుగుచు, తినుచు, చిన్న గీరుడు మాత్రమే ఉన్న కూనను ఒక దినము ఇంటనే చూడవచ్చును. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో ఒక టీ చెంచా ఉప్పు కలిపి గాయము కడుగవలెను. ఫినాలు జాతి ద్రవములు పిల్లికి విషము.

పారాసిటమాలు మాత్ర ఎన్నడును ఈయరాదు. మనిషి కాలేయము ఈ మందును గ్లూక్యురానిక్ ఆమ్లముతో జతచేసి బయటకు పంపును. పిల్లి కాలేయమున ఆ పని చేయు ఎంజైము మిక్కిలి కొరత. అందుచే మందు విషముగా మారి ఎర్రకణములను చెరచును. రక్తము ప్రాణవాయువును మోయలేకపోవును. పెద్ద పిల్లిని చంపుటకు ఒక్క మాత్ర చాలును. దయతో వేసిన మాత్రయే ప్రాణము తీయుట విచారకరము.

కూనను మెడపట్టి ఎత్తక, అట్టముక్కపైకి జరిపి, రంధ్రములు చేసిన పెట్టెలో ఉంచి కొనిపోవలెను. ఎముక విరిగి శస్త్రచికిత్స అవసరమైనచో, తిరుపతిలో 1955లో వెలసిన పశువైద్య కళాశాల కలదు. నొప్పితో నున్న కూన మచ్చికదైనను కరచును. కరచినను, గీరినను ఆ చోటును 15 నిమిషములు సబ్బుతో, పారు నీటితో కడిగి, ఆ దినమే ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. రేబీసు పిల్లుల వలనను సోకును.